తగడూరి కొలువులో పసిపలుకు

ఇంటిలోని పసిబిడ్డల ముద్దుముచ్చటలు సాహిత్యవిమర్శకు తగిన విషయమగునా యని పాఠకులలో కొందఱు శంకింపవచ్చును. బిడ్డ అన్నము చల్లుట, తాత కండ్లజోడు దాచుట, తెలిసిన నాలుగు మాటలను తలక్రిందులు చేసి పలుకుట మొదలగునవి చూచి నవ్వుకొని మఱచిపోవలసినవే కాని గ్రంథములు ముందిడుకొని పరిశీలింపదగినవి కావని లోకమున నొక యభిప్రాయము కలదు. అది సరికాదని చూపుటకు మనము దూరదేశములు పోవలసిన పనిలేదు. మనము కాపురముండు ఈ ధర్మపురియే, పూర్వము తగడూరను పేరుతో వెలసిన కాలమున, పసిబిడ్డల పలుకునకును ఆటకును వీరకావ్యమున పీఠము వేసిన ఊరు. ఆ పీఠమును గుఱించియు, దానినుండి తెలుగువారమగు మనము నేర్వదగిన యొక విషయమును గుఱించియు ఈ వ్యాసమున కొంత విన్నవింతును.

నేటి ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2వ తేదీన సేలము జిల్లానుండి విడివడి యేర్పడినది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి, హోసూరు ప్రాంతములు దీనినుండి వేఱై కృష్ణగిరి జిల్లా యయ్యెను. ఈ హద్దులన్నియు నిన్న మొన్న గీయబడినవి. వీనికి ఇంచుమించు రెండువేల యేండ్లకు పూర్వము తగడూరు రాజధానిగా అదియమానులను రాజులు ఈ సీమను పాలించిరి. పట్టణమునకు సమీపముననే యున్న అదియమాన్ కోట్టై యను ఊరు నేటికిని వారి పేరును మోయుచున్నది. అశోకచక్రవర్తి తన రెండవ శిలాశాసనమున దక్షిణదేశపు రాజ్యములను పేర్కొనుచు సతియపుత్రులను కూడ తలచెను. ఆ శాసనపరంపర ప్రతి యొకటి మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడియందును కలదు. ఆ సతియపుత్రు లెవరను ప్రశ్నపై పండితులు చిరకాలము వాదించిరి. 1981లో తిరుక్కోయిలూరు ప్రాంతమునందలి జంబై గ్రామమున బయల్పడిన బ్రాహ్మీలిపి శాసనమున సతియపుత్ర శబ్దముతో కూడి అదియమాన్ నెడుమాన్ అంజి పేరు కనబడుటచే ఆ వాదము చాలవఱకు సమసిపోయెను. ఈ నెడుమాన్ అంజియే తమిళుల సంఘసాహిత్యమున ప్రసిద్ధుడైన దాత, వీరుడు. ఆయన కొలువున నుండి ఆయనను కీర్తించిన కవయిత్రి ఔవైయారు.

ఇచ్చట నొక విషయమును స్పష్టము చేయవలెను. ఔవై యనగానే తమిళనాట పెరిగిన మన పిల్లలకు స్ఫురించునది ఆత్తిచూడి. అక్షరక్రమమున చిన్నచిన్న నీతులు చెప్పు ఆ పుస్తకమును వ్రాసిన ఔవై, సంఘకాలపు ఔవైకి అనేకశతాబ్దముల తరువాతిది యని సాహిత్యచరిత్రకారుల నిశ్చయము. పేరొక్కటే, వ్యక్తులు వేఱు. ఈ భేదము మన విషయమునకు చాల ముఖ్యము. తరువాతి ఔవై పిల్లలకు నేర్పినది. తొలి ఔవై పిల్లలను చూచి నేర్చినది. లోకము మొదటి పనికి పాఠశాలలలో స్థానమిచ్చి, రెండవ దానిని పండితులకు వదలివేసెను.

తొలి ఔవై పద్యములలో పెక్కు పుఱనానూఱను సంకలనమున చేరియున్నవి. పేరునకు తగినట్లు అందు నాలుగువందల పద్యములు కలవు. యుద్ధము, దానము, మరణము, రాజధర్మము అందలి ప్రధానవిషయములు. తాటియాకులలో మఱుగువడిన ఆ గ్రంథమును మహామహోపాధ్యాయ ఉ. వే. స్వామినాథయ్యరుగారు పరిష్కరించి 1894లో అచ్చువేయించిరి. నెడుమాన్ అంజి ఔవైకి ఉసిరికకాయ నొసగిన కథ అందఱెఱిగినదే. చిరాయువు నిచ్చునని చెప్పబడిన ఆ ఫలమును తాను తినక ఆమెకిచ్చెనని ఆమెయే 91వ పద్యమున పాడినది. ఆ పద్యము పొందిన ప్రసిద్ధిలో దాని తరువాతి పద్యమునకు నూఱవపాలు కూడ దక్కలేదు. నా దృష్టిలో ఆ 92వ పద్యము ఉసిరికకంటె అరుదైన ఫలము.

ఆ పద్యము మిక్కిలి చిన్నది. దాని భావమును నా మాటలలో చెప్పెదను. పసిబిడ్డ పలుకు యాళ్ అను తంత్రీవాద్యముతో శ్రుతి కలియదు. కాలమునకు తాళమునకు నిలువదు. దాని యర్థము తెలియదు. అయినను అది తండ్రి మనస్సున అనుగ్రహమును పుట్టించును. నెడుమాన్ అంజీ, శత్రువుల కోటల ననేకము గెలిచిన నీవు నా మాటల యెడ అట్లే అనుగ్రహము చూపుచున్నావు, అని ఔవై యనును. అంతటితో పద్యము ముగియును.

ఇందలి సత్యమును గమనింపుడు. పిల్లల మాటలను పొగడిన కవులు మనదేశమున కొఱతపడలేదు. తిరుక్కుఱళున సంతానమును గూర్చిన అధ్యాయము పసిపలుకులను వేణువీణానాదములకంటె మిన్నగా చెప్పుచున్నది. మన నన్నయభట్టారకుడు ఆదిపర్వమున దుష్యంతుని సభలో శకుంతలచేత పుత్రాలింగనసుఖమును చెప్పించుచు, ముత్యములు, కర్పూరము, వెన్నెల మొదలగు చల్లని వస్తువులను వరుసగా తెచ్చి, వానినన్నిటిని ఆ సుఖమునకు తక్కువ చేసెను. ఇవి రమణీయములైన యత్యుక్తులు. సన్నివేశబలముచే నన్నయ పద్యము హృదయమును కదలించునే కాని, చల్లదనమున బిడ్డ యొడలు వెన్నెలను మించునని ఏ తల్లియు ప్రమాణము చేయదు. ఔవై ఈ మార్గము త్రొక్కలేదు. బిడ్డ పలుకు సంగీతమును మించునని ఆమె యనదు. సంగీతముతో కలియనే కలియదని యొప్పుకొనును. శ్రుతి లేదు, లయ లేదు, అర్థము లేదు. ఇన్ని లోపములు లెక్కించిన పిదప, అయినను తండ్రి ప్రేమించుచున్నాడని చెప్పును. గుణము చూచి పుట్టిన ప్రేమకంటె లోపమెఱిగియు నిలిచిన ప్రేమ గట్టిది గదా! ఇల్లు నడపువారందఱు ఎఱిగిన యీ నిజమును పద్యమున పెట్టినవారు బహుకొలదిమంది.

అంతకంటె విచిత్రమైనది ఆమె చేసిన రెండవ పని. ఆ పసిపలుకునకు తన కవిత్వమునే సాటి తెచ్చినది. రాజసభలో కవులు తమ వాక్కును అమృతమనియు రత్నహారమనియు చెప్పుకొనుట వాడుక. ఈమె తన వాక్కును అర్థము తెలియని పిల్లపలుకనినది. ఇది వినయము మాత్రమే యని కొందఱందురు. నాకు అట్లు తోపదు. కవి మాటకు విలువ వచ్చునది వినువాని దయవలన ననియు, వినువాడు తండ్రివలె చెవియొగ్గినగాని మంచి పద్యము సైతము బ్రతుకదనియు ఇందలి తాత్పర్యము. ఒక విధముగా చూచినచో ఇది విమర్శకులకే ఒక పాఠము.

ఈ యొక్క పద్యమే యైనచో దీనిని యాదృచ్ఛికమనవచ్చును. కాని నెడుమాన్ అంజిపై ఔవై చెప్పిన పద్యములను వరుసగా చదివినచో పిల్లలు మాటిమాటికి ఎదురగుదురు. 94వ పద్యమున రాజు ఒక మహాగజము. అది నీటిరేవున పండుకొనియుండగా ఊరి చిన్నపిల్లలు దాని తెల్లని దంతములను కడుగుచుందురు. ఔవైవంటి యాశ్రితులకు రాజు అంత మెత్తనివాడు. శత్రువులకు మాత్రము అదే ఏనుగు మదమెక్కినప్పటివలె చేరరానివాడు. 104వ పద్యమున శత్రువులకొక హెచ్చరిక కలదు. ఊరి పిల్లలు ఆడగా కలగిపోవునంతటి లోతులేని నీటిలో కూడ మొసలి యేనుగును పడలాగును. మా దొర చిన్నవాడని యేమఱకుడు, అని దాని సారాంశము. 206వ పద్యమున రాజు బహుమాన మిచ్చుటలో జాగుచేయగా కవయిత్రి అలిగి ద్వారపాలకునితో మాటలాడును. పనినేర్చిన వడ్రంగి పిల్లలు గొడ్డలి చేతబట్టి అడవిలో ప్రవేశించినచో వారికి కొఱతయేమి? కళ నేర్చిన మాకును అట్లే. ఏ దిక్కునకు పోయినను ఆ దిక్కున అన్నము దొరకును, అని ఆమె తెగువ.

ఈ మూడు పద్యములలోను పిల్లలు అలంకారమునకు వచ్చినవారు కారు. రాజు దయకు కొలత వారే: దంతములు కడుగనిచ్చు ఏనుగు. అపాయమునకు కొలత వారే: పిల్లలాడు నీటిమడుగు. కవి స్వాతంత్ర్యమునకును కొలత వారే: గొడ్డలి పట్టిన వడ్రంగి బిడ్డలు. యుద్ధకవిత్వమున పెద్దవస్తువులను కొలుచుటకు ఇంటిముంగిట చిన్నవారిని కొలబద్దగా వాడుట ఔవై ప్రత్యేకత. ఈ ప్రాంతపు జీవితమెఱిగినవారికి ఆ యేనుగు పద్యము మఱింత స్పష్టముగా కనబడును. హొగెనక్కల్ వైపు అడవులలోను, హోసూరు, దేన్కనికోట ప్రాంతములలోను నేటికిని ఏనుగులు తిరుగుచున్నవి. అవి పొలములలో దిగిన రాత్రులలో తల్లులు బిడ్డలను లోనికి లాగి తలుపులు వేయుదురు. అట్టి జంతువు దంతముపై పిల్లవాని చేయి నిలిపిన కవయిత్రి, రాజు మంచితనమును ఎంతటి పరీక్షకు పెట్టినదో ఆలోచింపుడు.

ఇక 100వ పద్యము. నెడుమాన్ అంజి యుద్ధభూమినుండి వచ్చి, అప్పుడే పుట్టిన తన కుమారుని చూచిన సందర్భమున చెప్పినదని దాని సంప్రదాయము. చేత ఈటె, కాళ్ళకు వీరకడియములు, ఒడలెల్ల చెమట, మెడను ఆఱని గాయము, తలపై యుద్ధపుష్పములు. పులితో పోరాడి వచ్చిన యేనుగువలె ఆయన కోపమింకను చల్లాఱలేదు. శత్రువులను చూచిన కన్నులు కుమారుని చూచుచున్నను ఎఱుపు వీడలేదు. అది వీరస్తుతి యనుటలో సందేహము లేదు. అయినను దీనిని 92వ పద్యముతో జోడించి చదువవలెనని నా మనవి. పసిపలుకు తండ్రి మనస్సును కరగించునని ఏ రాజుతో చెప్పినదో, ఆ రాజే తన పసికందు నెదుట నిలిచియున్నాడు. కన్ను మాత్రము కరగలేదు. స్తుతిలోపల ఒక చిన్న చిఱునవ్వు, ఆ చిఱునవ్వులోపల ఒక చిన్న మందలింపు నాకు వినబడుచున్నవి. పగలంతయు బయట పోరాడి ఇల్లు చేరి, బిడ్డ కాళ్ళకు చుట్టుకొన్నను మొగమున చిటపట దింపలేని తండ్రులను మనమందఱము ఎఱుగుదుము. వారి చేతులలో ఈటె యుండదు; అంతియే భేదము. ఇది నా యన్వయమే కాని వ్యాఖ్యాతల మాట కాదని పాఠకులు గ్రహింతురు గాక.

ఔవై యొక్కతెయే కాక, అదే సంకలనమున 188వ పద్యమున పాండ్యరాజు అఱివుడై నంబి యొక దృశ్యమును చిత్రించెను. చిఱుఅడుగులతో నడచివచ్చి, చిన్నిచేయి చాచి, అన్నమును క్రింద పోసి, తడిమి, నోట కఱచి, కలిపి, నేతియన్నమును ఒంటికెల్ల పూసికొను బిడ్డలు లేనివానికి ఎంత సిరి యున్నను బ్రతుకు వ్యర్థమని అతని భావము. రాజు చేసిన యీ పరిశీలనలో ఒక్క పెద్దమాట లేదు. ఉన్నవన్నియు బిడ్డ చేసిన పనులే. పప్పన్నము తినిపింప కూర్చున్న ఏ తల్లియైనను ఇది తన యింటి కథయే యనును.

ఈ దృష్టితో మన తెలుగు వాఙ్మయమును చూచినచో ఏమి కనబడును? పోతనామాత్యుని దశమస్కంధమును ముందుగా తలపవలెను. వెన్న దొంగిలించుట, ఇరుగుపొరుగు గోపికలు యశోదతో నేరములు చెప్పుకొనుట, ఆమె బిడ్డను కోపింపలేకపోవుట, మన్ను తినుట, రోటికి కట్టుట మొదలగునవన్నియు ఇంటిముచ్చటలే. గోపికల ఫిర్యాదులలో కోపముకంటె మురిపెమే యెక్కువ. కాని యిందొక నియమము కలదు. ఆ బిడ్డ పరమాత్ముడు. మన్ను తిన్న నోరు తెఱచినచో అందు బ్రహ్మాండము కనబడవలసినదే. ముచ్చటకు విలువ తెచ్చునది ముచ్చటకు వెనుకనున్న దైవము. మన తల్లులు జోలపాటలలో ఇంటింటి బిడ్డను రామునిగా కృష్ణునిగా చేసి ఊచుటయు ఈ నియమము ననుసరించియే. అది గొప్ప సంస్కారము. దానిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. అయినను దేవుడు కాని సామాన్యబాలుడు, నోరు తెఱచినచో మన్ను తప్ప మఱేమియు కనబడని బాలుడు, తన స్వంతహక్కుతో మన కావ్యములలో ప్రవేశించుటకు చాలకాలము వేచియుండవలసివచ్చెను.

అతనికి లిఖితసాహిత్యము తలుపు తెఱువకమునుపే జానపదులు తెఱచిరి. చెమ్మచెక్క, గుడుగుడు గుంచము, కాళ్ళాగజ్జా మొదలైన యాటలలో వాడు మాటలకు అర్థమేమని పిల్లలను అడిగినవారెవరు? శబ్దముల కులుకే అచ్చట ప్రధానము. అర్థము తెలియకున్నను అనుగ్రహము కలుగునను ఔవై మాటకు మన వాకిళ్ళలో దొరకు సాక్ష్యమిది. ఇరువదవ శతాబ్దమున చింతా దీక్షితులుగారు సూరి, సీతి, వెంకి యను పిల్లలను కథలలోనికి తెచ్చిరి. పిల్లలకై మదరాసునుండి 1945లో న్యాయపతి దంపతుల 'బాల' పత్రికయు, 1947 జులైలో 'చందమామ'యు వెలువడెను. చందమామ తెలుగుతోపాటు అంబులిమామ యను పేరుతో తమిళమునను వచ్చి, ఉభయభాషల పిల్లలకు ఒకే కథలను ఒకే బొమ్మలతో పంచెను. ఆ పత్రికలు రెండును ఇప్పుడు వెలువడుటలేదు.

వీరందఱి తరువాత, 1950ల దశకమున ఆంధ్ర వారపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణగారు బాపుగారి బొమ్మలతో 'బుడుగు'ను వెలయించిరి. ఇందలి గొప్పదనమంతయు కథ చెప్పువాడు ఎవరను దానియందున్నది. బుడుగు తన సంగతి తానే చెప్పుకొనును. వాని ఉచ్చారణలోని తప్పులు తప్పులుగనే అచ్చయినవి. గ్రంథకర్త వానిని దిద్దడు, క్షమాపణ చెప్పడు. రాధాగోపాళములు, బామ్మ, బాబాయి, ఇరుగుపొరుగువారు అందఱును వాని కంటితోనే కొలువబడుదురు. నవ్వు పుట్టునది బిడ్డ తప్పు మాటలవలన కాదు. ఆ తప్పు మాటలలో దొరకిపోయిన పెద్దల ఒప్పులవలన. తండ్రివలె చెవియొగ్గు గ్రంథకర్త దొరకినప్పుడు పసిపలుకు ఏమి చేయగలదో తెలుగున మొదట సంపూర్ణముగా చూపినది బుడుగేయని నా యభిప్రాయము.

అయినను ధర్మపురిలోని తెలుగుబిడ్డకు బుడుగు పరాయివాడుగనే యుండును. వానిది కోస్తాతీరపు ఇల్లు. వాని చుట్టును తెలుగే. మన బిడ్డ ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో తమిళముతోపాటు ఇంగ్లీషు వినుచు పెరుగును. 2006లో చేసిన చట్టము ననుసరించి ఈ రాష్ట్రమున ఒకటవ తరగతినుండి క్రమముగా తమిళము అవశ్యపఠనీయ మయ్యెను. ఉన్నచోటి భాషను నేర్చుట బిడ్డకు మేలే. కాని మూడుభాషలు కలిసిన ఆ నోట తెలుగు ఎట్లు పలుకునో చూపు పుస్తకములు అరుదు. స. వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' ఈ లోటును కొంత తీర్చునవి. పులికాటు సరస్సు ప్రాంతమున తాత అవ్వల చెంత గడచిన బాల్యమును ఆ సీమ పలుకుబడితోనే ఆ కథలు చెప్పుచున్నవి. హోసూరు వైపు రచయితలును తమ ఇంటిమాటను కథలలోనికి తెచ్చుచున్నారు. ధర్మపురి బాలుడు మాత్రము ఇంకను కథకుని కొఱకు ఎదురుచూచుచున్నాడు.

వాడు ఎట్టివాడో తెలుపుటకు నేను ప్రత్యక్షముగా చూచిన ఒక ఘట్టమును చెప్పెదను. ఈ పట్టణమున మాకు పరిచితులైన ఒక తెలుగు కుటుంబము వారింట ఒక సాయంకాలము కూర్చుండియుంటిని. మూడేండ్ల మనుమనికి తల్లి వాకిట పప్పన్నము పెట్టుచుండెను. వాడు ఒక ముద్ద తాను తిని, ఒక ముద్ద కొయ్యయావునకు పెట్టి, చేయి తాతగారి పంచెకు తుడుచుచుండెను. తల్లి "ఇంకొక్క ముద్ద, నాన్నా" అనగా వాడు "వేణాం" అనెను. తాతగారు తెలుగన్న ప్రాణమిచ్చువారు. "వేణాం అనకూడదు నాయనా, అది అరవమాట. మనము వద్దు అనవలె. ఏదీ, వద్దు అను" అనిరి. బాలుడు తాతగారిని చూచెను, ముద్దను చూచెను, కొంచెముసేపు ఆలోచించెను. పిదప నిశ్చయముగా "వద్దు వేణాం!" అనెను. తల్లి చేతి ముద్ద నేలపాలయ్యెను. మేమందఱము కడుపుబ్బ నవ్వితిమి.

నవ్వి ఊరకుండినచో చాలెడిది. తాతగారు కూడ నవ్విరి కాని, మరల మరల అడిగిరి. వచ్చినవారి యెదుట చెప్పించిరి. తప్పినప్పుడు తల మొట్టిరి, మెల్లగనే. కొన్ని వారముల పిమ్మట నేను మరల పోయితిని. తాతగారు ఏమడిగినను బాలుడు తల మాత్రము ఊపుచుండెను. ప్రక్కయింటి పాట్టి రాగానే వానికి నోరు వచ్చెను. అర్ధగంట తమిళమున ఆమెకు ఏదో పెద్దకథ చెప్పెను. మఱియొక చిత్రము: ఆ తాతగారే కొంతసేపటికి కోడలితో "కడకు పోయి చక్కెర తెచ్చెద" ననిరి. ఆ 'కడ' అరవమాట యని వారినెవరును దిద్దలేదు.

"వద్దు వేణాం" అను మాటను ఒకింత పరిశీలింపుడు. వానికి తెలుగు రాదని తాతగారు తలచిరి. నిజమునకు వాడు రెండుమాటలను చక్కగా ఎఱుగును. ఒకదానిని వస్తువుగా చేసి, రెండవదానితో దానిని నిరాకరించెను. నాకు 'వద్దు' అను మాట అక్కఱలేదని చెప్పెను. మాటను అర్థమునకై కాక మాటగానే యెత్తి చెప్పుటను మన వ్యాకరణవేత్తలు అనుకరణమందురు. బాలవ్యాకరణము చదువని బాలుడు ఆ ప్రయోగమును సాధించెను. అట్టి సూక్ష్మబుద్ధికి దొరకిన బహుమానము ఒక మొట్టికాయ. దాని ఫలము మౌనము.

ఇచ్చట విజ్ఞులు ఒక యాక్షేపణ చేయవచ్చును. తప్పును తప్పనకున్నచో భాష యేమగును? ఇంటిలోనే దిద్దకున్నచో పరాయినాట మన బిడ్డకు మంచితెలుగు నేర్పువారెవరు? ఈ యాక్షేపణను నేను తేలికగా తీసికొనను. భాష చెడుట నిజమే. తాతగారి భయమును నిజమే. కాని ఔవై చెప్పిన క్రమమును చూడుడు. ఆమె తప్పును ఒప్పని యనలేదు. శ్రుతి లేదు, లయ లేదు, అర్థము లేదని ముందే చెప్పినది. ఐనను అనుగ్రహము ఆగలేదు. తప్పు ఎఱిగియుండుట యొకటి, దానిని బట్టి చెవి మూసికొనుట మఱియొకటి. బిడ్డ "వేణాం" అన్నప్పుడు తల్లి "వద్దా? సరే, ఆవుకు పెట్టుదము" అన్నచో వద్దను మాట వాని చెవిని పడినది, ఆటయు సాగినది. వంద పర్యాయములు అట్లు విన్నబిడ్డ ఒకనాడు తానే "వద్దు" అనును. అనకున్నను మాటలాడుట మానడు. మాటలాడు బిడ్డ నోట భాష తప్పులతోనైన బ్రతికియుండును. తల యూపు బిడ్డ నోట ఒప్పులతో కూడ బ్రతుకదు.

మన సమాజములు సంవత్సరోత్సవములలో పిల్లలచేత పద్యములు చెప్పించి బహుమతు లిచ్చుచున్నవి. అది మంచిదే, కంఠస్థమైన పద్యము జీవితాంతము తోడుండును. కాని ఆ వేదికపై బిడ్డ పలుకునది పెద్దలమాట. వానిమాట వినుటకు మనకొక వేదిక లేదు. కనుక నాదొక చిన్న సూచన. ప్రతి తెలుగింటను ఒక నోటుపుస్తక ముంచి, పిల్లలు ఆయా దినములలో పలికిన వింతమాటలను తేదీతో, వారు పలికినట్లే, దిద్దక వ్రాసియుంచవలెను. ఏటికొకసారి వానిని ఒకచోట చదివికొనవలెను. భాషాశాస్త్రజ్ఞులకు అది విలువైన సామగ్రి. రేపటి కథకునకు ముడిసరుకు. పెరిగి పెద్దవాడైన ఆ బిడ్డకు తనమాట వినబడినదను సాక్ష్యము. ఆ పుస్తకమున మొదటి పుటలో వ్రాయదగినది "వద్దు వేణాం" అను మాట.

తగడూరి ద్వారమున అలిగి నిలిచిన ఔవైని మరల ఒక్కసారి తలచికొందము. గొడ్డలి పట్టిన వడ్రంగి పిల్లలకు ఏ అడవియైనను ఒక్కటే యని ఆమె ద్వారపాలకునితో చెప్పినది. మన బిడ్డలును అట్టివారే. వారి చేత మూడుభాషల గొడ్డలి కలదు. మన వాకిలి మూసినచో వారు ఆకలితో మాడరు. తమిళమున వారికి అన్నమున్నది, ఇంగ్లీషున అన్నమున్నది. ఏ దిక్కునకు పోయినను ఆ దిక్కున దొరకును. తలుపు మూసిన యింటిలోనే, వండిన యన్నము తినువారు లేక చల్లాఱిపోవును.